మున్సిపాలిటీలో జీతం ఆగిపోతే హైకోర్టు దాకా ఎలా వెళ్లాలి?

జీతం ఆగిన మొదటి నెల కోర్టు మాట ఎవరూ ఎత్తరు. బిల్లు రేపు పాసవుతుందంటారు, సోమవారం అంటారు, కమిషనర్ క్యాంపులో ఉన్నారంటారు. రెండో నెల ఈఎంఐ బౌన్స్ అవుతుంది. మూడో నెలకు కిరాణా కొట్టు ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి ఇంటికి వెళ్లడం అలవాటవుతుంది. నాలుగో నెల ఎవరో ఒక లాయర్ నంబర్ ఇస్తారు. తీరా వెళ్తే ఆయన అడిగిన కాగితాల్లో సగం మన దగ్గర ఉండవు.

నేను ఒక మున్సిపాలిటీ అకౌంట్స్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. జీతం బిల్లులు రాశాను, ఆపమంటే ఆపాను, ఆఖర్న నా జీతమే ఐదు నెలలు ఆగితే రిట్ (అధికారుల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) కూడా వేశాను. రెండు వైపులా కూర్చున్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ కేసులు చాలావరకు కోర్టు హాల్లో వాదనల కంటే ముందే, ఆఫీసులోంచి మనం తెచ్చుకున్న కాగితాల దగ్గరే తేలిపోతాయి. అందుకే కింద రాసినదాంట్లో సగం కోర్టు మెట్లెక్కకముందు చేసుకోవాల్సిన పనే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మున్సిపాలిటీల్లో, కార్పొరేషన్లలో పనిచేసేవాళ్ల కోసం రాస్తున్నాను. కేసు నడపాల్సింది లాయరే. ఆయన దగ్గరికి ఏం పట్టుకెళ్లాలో, ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి.

1. బిల్లు ఏ టేబుల్ దగ్గర ఆగిందో పట్టుకోండి

ఒకసారి మా దగ్గరికి బదిలీ మీద వచ్చిన ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఏడు నెలలు జీతం రాలేదు. కమిషనర్‌కు తనంటే పడదని ఆయన నమ్మకం. లాయర్‌తో కూడా అదే చెప్పుకున్నాడు. ఫైల్ తీసి చూస్తే పే బిల్లుకు గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ ఉంది: ‘ఎల్‌పీసీ అందలేదు’. లాస్ట్ పే సర్టిఫికెట్ పాత ఊరి నుంచి ఎప్పుడో బయల్దేరింది. మా టప్పాల్ (వచ్చిన కాగితాలు తీసుకునే) సెక్షన్‌లో ఇంకొకరి ఫైల్లో పడి నిద్రపోతోంది. అది దొరికిన రెండు వారాలకే జీతం పడింది. ఆయన రిట్ వేసి ఉంటే మా వాళ్లు అదే చీటీ కోర్టులో చూపించి, తప్పు పాత ఆఫీసుదని చెప్పి తప్పుకునేవాళ్లు.

కాబట్టి ముందు మీది ఏ రకం ఆగడమో చూసుకోండి. ఆఫీసులో అందరికీ ఆగితే అది డబ్బు సమస్య. అప్పుడు మీ జీతం 010 పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తుందా, మున్సిపల్ జనరల్ ఫండ్ నుంచి వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. 010 అయితే బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో, అంటే ఆంధ్రలో సీఎఫ్ఎంఎస్‌లో, తెలంగాణలో ఐఎఫ్ఎంఐఎస్‌లో ఎక్కడో ఒక దశలో నిలిచి ఉంటుంది; డీడీఓ (జీతం బిల్లు పెట్టే అధికారి) లాగిన్‌లో అది కనిపిస్తుంది. జనరల్ ఫండ్ అయితే ఖజానా మీ ఆఫీసులోనే ఉన్నట్టు, సంతకం మీ కమిషనర్‌దే.

మీ ఒక్కరికే ఆగితే దాదాపు ఎప్పుడూ ఒక ఆబ్జెక్షన్ ఉంటుంది. ఎల్‌పీసీ రాకపోవడం, సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ లేకపోవడం, హాజరు మీద అనుమానం, సస్పెన్షన్, బదిలీ అయ్యాక పోస్టింగ్ ఇవ్వకుండా కూర్చోబెట్టడం, ఇలాంటివి. చివరిదాన్ని తేలిగ్గా వదిలేయకండి. రిపోర్ట్ చేసి, పోస్టింగ్ కోసం ఎదురుచూసిన కాలాన్ని డ్యూటీగా లెక్కగట్టే నిబంధన ఫండమెంటల్ రూల్ 9లోనే ఉంది. కాకపోతే ఆ కాలాన్ని క్రమబద్ధం చేస్తూ ఒక ఆర్డర్ రావాలి. మీరు కోర్టును అడగాల్సింది ముందు ఆ ఆర్డర్, ఆ తర్వాతే జీతం.

ఇంకో రకం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. జీతం పడుతుంది గానీ అందులోంచి కోసిన సొసైటీ లోన్ వాయిదా, ఎల్‌ఐసీ ప్రీమియం, పెన్షన్ చందా అవతలికి చేరవు. స్లిప్పులో కోత కనిపిస్తుంది, బ్యాంకు మాత్రం మీకే నోటీసు పంపుతుంది. ఇదీ జీతం బకాయే. మీ డబ్బు కోసి మీ పేరు మీద కట్టలేదంటే, ఎగవేసింది ఆఫీసు.

2. లెక్క రూపాయితో సహా రాసుకోండి

‘సుమారు 3 లక్షలు రావాలి’ అని ఏ అఫిడవిట్‌లోనూ రాయకండి. ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీయండి: నెల, రావాల్సింది, వచ్చింది, మిగిలింది. ఉదాహరణకు గ్రాస్ నెలకు 46,720 రూపాయలైతే, జులై నుంచి నవంబర్ వరకు ఐదు నెలలకు 2,33,600. ఆగస్టులో అడ్వాన్స్ అని 10,000 ఇచ్చి ఉంటే అది కూడా చూపించండి, 2,23,600 మిగులుతుంది. వచ్చింది దాచిపెడితే అవతలి లాయర్ సంబరపడతాడు. ఆ ఒక్క పదివేలు పట్టుకుని మీ మొత్తం లెక్కను అబద్ధం అంటాడు.

నెట్ జీతం లెక్క వేయకండి, గ్రాస్ వేయండి. కోతలు కూడా మీ హక్కులో భాగమే.

దీనికి జతగా రెండు మూడు పాత జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, నియామకపు ఉత్తర్వు, చివరి బదిలీ ఉత్తర్వు, జాయినింగ్ రిపోర్ట్ పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం హాజరు. జీతం రాలేదని అలిగి ఆఫీసుకు వెళ్లడం మానేసినవాళ్లను చూశాను. పని చేయనివాడికి జీతం లేదు అన్న మాట అవతలివాళ్లకు అంతకంటే సులువుగా దొరకదు. వెళ్లండి, సంతకం పెట్టండి, రిజిస్టర్ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ముఖ హాజరు యాప్ ఉన్నచోట రోజూ స్క్రీన్‌షాట్ తీసుకోండి. రిజిస్టర్ ఇవ్వకపోతే, ‘ఈ రోజు ఉదయం 10.30కి హాజరయ్యాను, సంతకానికి రిజిస్టర్ ఇవ్వలేదు’ అని ఆఫీసు మెయిల్‌కు ఒక లైను పంపండి. మీరు వస్తామన్నా వాళ్లే పని చేయనివ్వకపోతే పని లేదు కాబట్టి జీతం లేదు అనే సూత్రం వర్తించదని సుప్రీంకోర్టు 1991లో జానకీరామన్ కేసులోనే చెప్పింది. కానీ మీరు వచ్చారని చూపించాల్సింది మీరే.

3. అర్జీ పెట్టండి, ముద్ర వేయించుకోండి

హైకోర్టులో మీరు అడగబోయేది మాండమస్, అంటే ‘చేయాల్సిన పని చేయండి’ అని అధికారిని ఆదేశించడం. ముందు మీరు అడిగి ఉండాలి, వాళ్లు ఇవ్వకపోయి ఉండాలి. అడగకుండా కోర్టుకు వెళ్తే తొలి రోజే ‘రిప్రజెంటేషన్ ఏదీ?’ అంటారు. నోటితో వందసార్లు అడిగినా లెక్కలోకి రాదు.

అర్జీ పెద్దగా ఉండక్కర్లేదు. నేను రాసి ఇచ్చేవి ఇలా ఉండేవి:

‘అయ్యా, నేను ఈ మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఈ సంవత్సరం జులై నుంచి నవంబర్ వరకు ఐదు నెలల జీతం నాకు చెల్లించలేదు. ఈ ఐదు నెలలూ నేను విధులకు హాజరయ్యాను. నా జీతం ఆపుతూ ఎలాంటి ఉత్తర్వూ నాకు అందలేదు. జతపరిచిన పట్టిక ప్రకారం 2,23,600 రూపాయలు 15 రోజుల్లో చెల్లించాలని, ఆపడానికి ఏదైనా ఉత్తర్వు ఉంటే దాని ప్రతి ఇవ్వాలని కోరుతున్నాను.’

అంతే. కుటుంబ కష్టాలు ఒక వాక్యంలో చెప్పొచ్చు. ఎవరి మీదా ఆరోపణ వద్దు. ‘ఉత్తర్వు ఉంటే ఇవ్వండి’ అన్న మాట మాత్రం తప్పకుండా ఉండాలి. ఉత్తర్వు లేదని వాళ్ల మౌనమే సాక్ష్యం అవుతుంది. ఉందని ఇస్తే దేన్ని సవాలు చేయాలో మీకు తెలుస్తుంది.

అర్జీ కమిషనర్‌కు రాసి, ప్రతులు సీడీఎంఏకు (రాష్ట్ర పురపాలక శాఖ కమిషనర్, డైరెక్టర్), పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శికి పంపండి. టప్పాల్‌లో ఇచ్చినప్పుడు మీ ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబర్ మూడూ పడాలి. ముద్ర ఒక్కటే వేసి పంపేస్తారు. నంబర్ వేసేదాకా కదలకండి. తీసుకోవడానికి మొహమాటపడితే గొడవ దేనికి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి.

ప్రభుత్వం మీద సివిల్ దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. రిట్‌కు అది అక్కర్లేదు. రెండింటినీ కలిపేసుకుని అనవసరంగా రెండు నెలలు కూర్చునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

4. పది రూపాయల ఆర్టీఐ

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో చవకైనదీ, పదునైనదీ ఇదే. అయితే అందరూ తప్పుగా అడుగుతారు. ‘నా జీతం ఎందుకు ఆపారు?’ అని అడిగితే, ఎందుకు అన్నది సమాచారం కిందికి రాదని జవాబొస్తుంది. కాగితాలు అడగండి. మీ పేరున్న పే బిల్లుల నకళ్లు, వాటి మీద రాసిన ఆబ్జెక్షన్ల నకళ్లు, మీ జీతానికి సంబంధించిన ఫైల్‌లో నోట్ పేజీలు. వీటితోపాటు ఇంకొకటి: ‘ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు జనరల్ ఫండ్ నుంచి పాసైన అన్ని బిల్లుల జాబితా, తేదీ, మొత్తంతో సహా’.

ఈ ఆఖరిదే అసలు ఆయుధం. కోర్టులో వాళ్లు మొదట అనే మాట ‘నిధులు లేవు’. మీకు జీతం ఆగిన అదే నెలల్లో సీసీ రోడ్డు బిల్లు పాసైంది, వాహనాల అద్దె బిల్లు పాసైంది, పండగ లైటింగ్ బిల్లు పాసైంది అని వాళ్ల కాగితమే చెబితే ఇంక ఆ మాట నిలబడదు. నా కేసులో తొమ్మిది బిల్లులున్న ఒక పేజీ సమర్పించాం. దాని గురించి జీపీ (ప్రభుత్వ లాయర్) గారు ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆర్టీఐకి 30 రోజుల గడువు. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీల్ వేయండి. ఆ పని సాగుతుండగానే రిట్ వేసుకోవచ్చు, జవాబు వచ్చాక అదనపు కాగితాలుగా జత చేయొచ్చు.

5. ఏ తలుపు తట్టాలి?

ఒకప్పుడు సర్వీసు గొడవలకు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు, నేరుగా హైకోర్టే. తెలంగాణ వాళ్లకు హైదరాబాద్‌లో, ఆంధ్ర వాళ్లకు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేస్తారు.

పర్మనెంట్ ఉద్యోగులకు దారి ఇదే. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు అడగాల్సింది పూర్తి జీతం కాదు, ఫండమెంటల్ రూల్ (ఎఫ్ఆర్) 53 కింద జీవనభృతి. వేరే ఉద్యోగం చేయడం లేదని నెలనెలా సర్టిఫికెట్ ఇస్తేనే అది వస్తుంది. ఇవ్వడం మర్చిపోయి, రాలేదని తిరిగేవాళ్లే ఎక్కువ. సర్టిఫికెట్ ఇచ్చినా భృతి ఇవ్వకుండా ఎంక్వయిరీ నడిపిస్తే ఆ ఎంక్వయిరీయే చెల్లకుండా పోవచ్చు. 1999లో కెప్టెన్ పాల్ ఆంటోనీ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి గట్టిగానే చెప్పింది.

ఔట్‌సోర్సింగ్ వాళ్ల బాధ వేరు. ఏజెన్సీని అడిగితే మున్సిపాలిటీ బిల్లు ఇవ్వలేదంటాడు, మున్సిపాలిటీని అడిగితే నువ్వు మా ఉద్యోగివి కాదంటారు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించి, తర్వాత అతని బిల్లులో కోసుకోవాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఉండేది. కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఆ సూత్రం ఉంచారు. అందుకని ఏజెన్సీతోపాటు మున్సిపాలిటీ పేరు కూడా పెట్టి ముందు లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. ఆప్కాస్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారా చేరినవాళ్లు ఆ సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చాలి. మీరు అక్కడ పనిచేశారని చూపించే మస్టర్ నకలు, ఐడీ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్, మేస్త్రీ వాట్సాప్ గ్రూపులో వేసిన డ్యూటీ చార్ట్, ఏది దొరికితే అది దాచండి.

కార్పొరేటర్లకు, కౌన్సిలర్లకు వచ్చేది గౌరవ వేతనం. అది ఏ జీవో ప్రకారం ఎంత రావాలో ఆ జీవో జత చేస్తే చాలు, మిగతా దారంతా ఒకటే.

ఆలస్యం గురించి ఒక మాట. జీతం రాని ప్రతి నెలా కొత్త తప్పే కాబట్టి పాత బకాయి అడగకూడదని లేదు. కానీ ఎంతకాలం కూర్చున్నా మొత్తం వస్తుందనుకోవద్దు. ఇలాంటి కేసుల్లో పిటిషన్ వేసిన తేదీకి ముందు మూడేళ్ల బకాయికే సాధారణంగా పరిమితం చేస్తారని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగో ఏడు మొదలైతే ప్రతి నెలా ఒక నెల జీతం చేజారుతున్నట్టే. పాత సంగతి మీద కొత్తగా అర్జీ పెట్టినంత మాత్రాన గడువు మళ్లీ మొదలవదు కూడా.

6. అఫిడవిట్‌లో ఏముండాలి?

లాయర్ రాస్తారు, నిజమే. కానీ చదవకుండా సంతకం పెట్టకండి. మీ పేరు మీద ప్రమాణం చేసి చెబుతున్న మాటలవి. తేదీలు, మొత్తాలు, హోదా మీరే సరిచూడండి. లాయర్ గారి కంప్యూటర్‌లో పాత కేసు అఫిడవిట్ మీదే కొత్తది రాస్తుంటారు. నా దాంట్లో మధ్యలో ఎవరో టౌన్ ప్లానింగ్ ఆయన బదిలీ కథ ఒక పేరా మిగిలిపోయింది.

ప్రతివాదులుగా రాష్ట్ర ప్రభుత్వం తరఫున పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి, సీడీఎంఏ, మీ కమిషనర్ ఉండాలి. జీతం ట్రెజరీ నుంచి వస్తే ఆర్థిక శాఖను, సంబంధిత ట్రెజరీ అధికారిని చేర్చమనండి. వాళ్లు లేకపోతే ‘ఫైల్ ఫైనాన్స్‌లో ఉంది’ అన్న ఒక్క మాటతో మూడు వాయిదాలు గడిచిపోతాయి.

ఇక చట్టం వైపు. పెద్ద పట్టీ అక్కర్లేదు. జీతం ఆస్తి లాంటిది, చట్టం అనుమతి లేకుండా దాన్ని ఆపకూడదు అని 300ఏ అధికరణం. బతుకుతెరువు హక్కు అని 21వ అధికరణం. రిటైరైనవాళ్ల పెన్షన్, గ్రాట్యుటీకి 2013 నాటి జితేంద్ర కుమార్ శ్రీవాస్తవ తీర్పు సరిపోతుంది.

తెలుగువాళ్లకు అన్నిటికంటే దగ్గరిది మన కేసే. కరోనా సమయంలో 2020 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో ఇచ్చి జీతాలు వాయిదా వేసింది. ప్రజాప్రతినిధులకు 100 శాతం, అఖిల భారత సర్వీసులకు 60, మిగతా ఉద్యోగులకు 50, నాలుగో తరగతి వాళ్లకు 10 శాతం. ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి దీని మీద హైకోర్టుకు వెళ్లారు. ఆపిన డబ్బు 12 శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే, 2021 ఫిబ్రవరిలో వడ్డీని 6 శాతానికి తగ్గించారు గానీ వడ్డీ అసలు అక్కర్లేదన్న మాటను ఒప్పుకోలేదు. సేవ చేసినందుకు వచ్చే జీతం ఉద్యోగి హక్కు, ఆలస్యం చేసిన ప్రభుత్వం వడ్డీ ఇవ్వాల్సిందే అన్నది ఆ తీర్పు సారం. మీరు 12 అడిగినా 6 దగ్గర ఆగే అవకాశం ఎక్కువని కూడా ఇందులోంచే తెలుసుకోవాలి.

‘నిధులు లేవు’కు జవాబు ఢిల్లీలో దొరుకుతుంది. అక్కడి మున్సిపల్ కార్పొరేషన్ల టీచర్లు, డాక్టర్లు, పారిశుద్ధ్య కార్మికులకు నెలల తరబడి జీతాలు రాకపోతే 2021 జనవరిలో ఢిల్లీ హైకోర్టు నిధుల కొరత సాకు కుదరదని చెప్పింది. దీనికి తాతలాంటి తీర్పు ఒకటుంది, రత్లాం మున్సిపాలిటీది, 1980 నాటిది. అది మురుగు కాల్వల గొడవ, జీతాలది కాదు. కానీ డబ్బు లేదని చెప్పి మున్సిపాలిటీ తన చట్టబద్ధమైన బాధ్యత నుంచి తప్పుకోలేదన్న మాట అక్కడిదే.

7. ప్రేయర్ దగ్గర మొహమాటం వద్దు

ఇది నేను నేర్చుకున్న ఖరీదైన పాఠం. నా మొదటి రిట్‌లో ప్రేయర్, అంటే కోర్టును మనం కోరే ఆదేశం, ఇలా ఉంది: ‘పిటిషనర్ పెట్టిన అర్జీని పరిశీలించేలా ఆదేశించండి’. కోర్టు అడిగింది ఇచ్చింది. నాలుగు వారాల్లో పరిశీలించమని చెప్పి అదే రోజు కేసు ముగించారు. గెలిచామని స్వీట్లు పంచాను. నాలుగో వారం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: ‘పరిశీలించడమైనది. నిధులు సమకూరిన వెంటనే చెల్లించబడును.’ కోర్టు ఆదేశం అక్షరాలా అమలైంది, నా ఖాతాలో పైసా పడలేదు. ఆ కాగితం మీద మళ్లీ కొత్త రిట్ వేయాల్సి వచ్చింది.

అందుకని ఇలా అడగమనండి: జులై నుంచి నవంబర్ వరకు జీతం చెల్లించకపోవడం చట్టవిరుద్ధం, 21, 300ఏ అధికరణాలకు విరుద్ధం అని ప్రకటించి, 2,23,600 రూపాయలు వడ్డీతో సహా ఫలానా గడువులోగా చెల్లించాలని, ఇకపై నెలనెలా సక్రమంగా ఇవ్వాలని ప్రతివాదులను ఆదేశించాలి. మధ్యంతర ప్రేయర్‌గా, కేసు తేలేలోపు ఇప్పటి నుంచి పడాల్సిన జీతమైనా ప్రతి నెలా ఇచ్చేలా విడిగా ఒక దరఖాస్తు. కోర్టులు పాత బకాయి విషయంలో కౌంటర్ (అవతలివాళ్ల రాతపూర్వక జవాబు) కోసం ఆగుతాయేమో గానీ, నడుస్తున్న నెల జీతం ఆపడానికి కారణం చూపించడం ప్రభుత్వానికి కష్టం.

‘అర్జీ పరిశీలించమని వేస్తే త్వరగా అయిపోతుంది సార్’ అని లాయర్ అంటే, త్వరగా అయ్యేది కేసా, డబ్బు రావడమా అని అడగండి. మీ జీతం ఒక సాదా ఆబ్జెక్షన్ వల్ల ఆగి, అధికారి నిర్ణయం తీసుకుంటే సరిపోయేదైతే మాత్రం ఆ దారి నిజంగానే మంచిది.

పదిమంది కలిసి ఒకే రిట్ వేస్తే ఖర్చు పంచుకోవచ్చు, ధైర్యం కూడా ఉంటుంది. కోర్టు ఫీజు ఒక్కొక్కరికీ విడిగా పడొచ్చు, లాయర్‌ను ముందే అడగండి. ఒకే కారణంతో ఆగినవాళ్లు మాత్రమే కలవాలి. తొమ్మిదిమందికి నిధుల సమస్య, పదోవాడికి హాజరు గొడవ అయితే ఆ పదోవాడి వల్ల తొమ్మిదిమందీ ఆగిపోతారు.

లాయర్ ఫీజుకు డబ్బు లేకపోతే హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పెట్టండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఇందులోకి వస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

8. కేసు నడుస్తున్నప్పుడు

మొదటి రోజు సాధారణంగా జీపీ గారో, మున్సిపాలిటీ తరఫు లాయరైన స్టాండింగ్ కౌన్సిలో లేచి ఇన్‌స్ట్రక్షన్స్ (ఆఫీసు నుంచి వివరాలు) కోసం టైమ్ అడుగుతారు. అది మామూలే, టెన్షన్ పడకండి. కాజ్ లిస్ట్ హైకోర్టు వెబ్‌సైట్‌లో ముందురోజే కనిపిస్తుంది. కేసు నంబర్ రాసుకుని మీరే చూసుకోండి, ‘మన కేసు ఎప్పుడు సార్’ అని రోజూ లాయర్ గుమాస్తాకు ఫోన్ చేసే పని తప్పుతుంది.

కౌంటర్ వచ్చాక దాని ప్రతి తీసుకుని అకౌంట్స్ తెలిసినవాళ్లతో కూర్చోండి. అందులోని అంకెల్ని లాయర్ కంటే మీరే బాగా పట్టుకోగలరు. ఆఫీసులో ఎవరైనా ‘కేసు వెనక్కి తీసుకో, వచ్చే వారం జీతం వేస్తాం’ అంటే, ముందు వేయమనండి. ఖాతాలో పడ్డాక వెనక్కి తీసుకోవడానికి ఒక్క మెమో చాలు.

9. తీర్పు వచ్చాక

ఆర్డర్ ఇచ్చిన రోజు నుంచి కాదు, చాలాసార్లు ‘ఆర్డర్ ప్రతి అందిన తేదీ నుంచి ఇన్ని వారాలు’ అని ఉంటుంది. మీరు ప్రతి ఇవ్వకపోతే వాళ్ల గడియారం మొదలవదు. సర్టిఫైడ్ కాపీ రాగానే ఒక చిన్న కవరింగ్ లెటర్‌తో ప్రతివాదులందరికీ విడివిడిగా ఇచ్చి, మళ్లీ అదే ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబర్.

గడువు దాటినా ఇవ్వకపోతే కోర్టు ధిక్కార పిటిషన్. 1971 చట్టం ప్రకారం ధిక్కారం జరిగిన నాటి నుంచి ఏడాదిలోపు వేయాలి. ‘ఇస్తారులే’ అని పదమూడో నెల దాకా ఆగి చేతులు కాల్చుకున్నవాళ్లున్నారు. శిక్ష ఆరు నెలల వరకు సాధారణ జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండు వేలు ఎవరికీ లెక్కలేదు. అధికారి స్వయంగా కోర్టులో నిలబడాల్సి రావడమే లెక్క. ఇందులో హోదాతోపాటు అధికారి పేరు కూడా రాయాలి. మధ్యలో కమిషనర్ మారితే, కొత్తగా వచ్చినవారికి ఆర్డర్ ప్రతి ఇచ్చి, కొద్దిరోజుల టైమ్ ఇచ్చి, వాళ్ల పేరు చేర్చమనండి.

వాళ్లు రిట్ అప్పీల్ వేశామని చెప్పొచ్చు. వేసినంత మాత్రాన ఆర్డర్ ఆగదు, స్టే వస్తేనే ఆగుతుంది. ‘స్టే ఆర్డర్ చూపించండి’ అని రాతపూర్వకంగా అడగండి.

10. డబ్బు పడిన రోజు

అరియర్స్ బిల్లు చేతికి తీసుకుని మీ నాలుగు గడుల పట్టిక పక్కన పెట్టి నెల నెలకూ సరిచూడండి. డీఏ పెరిగిన నెల పాత రేటుతో కట్టడం, ఇంక్రిమెంట్ వదిలేయడం మామూలుగా జరిగే పొరపాట్లు. వడ్డీ విడిగా చూపించారో లేదో చూడండి. ‘పూర్తి బకాయి ముట్టింది’ అని రాసిన రసీదు మీద, పూర్తిగా ముట్టకపోతే సంతకం పెట్టకండి. పెట్టక తప్పకపోతే ‘అభ్యంతరంతో స్వీకరించాను, ఇంత మొత్తం రావాల్సి ఉంది’ అని చేత్తో రాసి, ఒక ఫొటో తీసుకున్నాకే ఇవ్వండి. కోసిన సొసైటీ వాయిదా, పెన్షన్ చందా ఈసారైనా అవతలికి చేరాయో లేదో వారం తర్వాత వెళ్లి చూసుకోండి.

పోయిన ఏడాది జీతం ఈ ఏడాది ఒకేసారి పడితే పన్ను ఎక్కువ కోస్తారు. అరియర్స్ మీద ఆదాయపు పన్ను ఉపశమనం ఉంది, దానికి రిటర్న్ వేసేముందే ఒక ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ఏ నెల జీతం ఎంతో చూపించే అదే పట్టిక ఇక్కడా అడుగుతారు, పారేయకండి.